తెర వెనుక ముఖము

లోకమున ప్రతి వస్తువునకు రెండు వైపులుండును. అంగడికి వచ్చినవాడు చూచునది ఒక వైపు; తెల్లవారకముందే లేచి, ధాన్యము చెరిగి, రాళ్లేరి, రాశి పోసినవాడు ఎరిగినది మరియొక వైపు. నాట్యమునకును ఇట్లే రెండు వైపులు కలవు. తెర ముందున్న వైపు అందరిది. తెర వెనుకనున్న వైపు ఎవరిది? ఛాయాచిత్రకారుడు అచ్చటికి పోవచ్చునా? పోయినను పటము తీయవచ్చునా? తీసినను పదిమందికి పంచవచ్చునా? ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడును గాని, విచారించిన కొలది వాని లోతు తెలియును.

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా ఇంచుమించు ఆంధ్రదేశపు ఒడిలో నున్న సీమ. ఇచ్చటి పల్లెలలో తెలుగు కన్నడములు రెండును ఒకే నాలుకపై ఆడుచుండును. వాన తక్కువ, వేరుసెనగ ముఖ్యమైన పంట. తుమకూరు ప్రాంతపు బయలాటకు మూడలపాయ యక్షగానమని పేరు. ఇందు ఆడువారు పగలు మడక దున్ను రైతులే. కొయ్యతో చేసి, రంగులును అద్దపు బిళ్లలును అతికిన కిరీటములు, భుజకీర్తులు ధరించి రాత్రి తెల్లవార్లు ఆడుదురు. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించుట పూర్వాచారము.

ఇట్టి ఆటకు ముందు ఒక యువకుడు కెమెరాతో వేషము కట్టు చోటికి పోయెననుకొందము. అచ్చట ఒక నడివయసు రైతు ద్రౌపది వేషమునకు సిద్ధమగుచున్నాడు. ముఖమునకు సగము రంగు పూసినాడు. ఇంకను చీర కట్టలేదు. మోకాళ్లపై చేతి అద్దము. అతడు ఆ క్షణమున రైతును కాడు, ద్రౌపదియు కాడు. యువకునికి ఆ క్షణమే అందముగా తోచినది. అడుగకయే పటము తీసినాడు. మరునాటికి అది ఊరివారి ఫోనులన్నిటిలో తిరిగినది. బడిలో పిల్లలు ఆ రైతు కొడుకును ‘ద్రౌపదమ్మ కొడుకు’ అని వెక్కిరించిరి. మరుసటి ఏడు ఆ రైతు వేషము కట్టనని చెప్పినాడు. ఇది కల్పనయే గాని, జరుగరానిది కాదు.

‘పటములో అబద్ధమేమున్నది? ఉన్నదే తీసితిని గదా!’ అని యువకుడు అనవచ్చును. ఆ మాటను తోసివేయుటకు వీలులేదు. తెర వెనుకటి శ్రమను ఎవరును చూడనిచో దాని విలువ ఎవరికి తెలియును? రష్యా సామ్రాజ్యమున పుట్టి అమెరికాలో స్థిరపడిన అలెక్సీ బ్రోడోవిచ్ 1935 మొదలు 1937 వరకు న్యూయార్కునకు వచ్చిన బాలే నర్తకుల బృందములను చిత్రించి, 1945లో ‘బాలే’ అను గ్రంథముగా ప్రకటించెను. అందు 104 పటములు గలవు. రంగస్థలపు వెలుగుతో పాటు ప్రక్కతెరల నీడలు, వేషధారణ, ఎదురుచూపు, అలసట కూడ అందు కానవచ్చును. పూరేకు వలె తేలిపోవు నర్తకి వెనుక ఎంతటి కాయక్లేశమున్నదో అట్టి పటములు చెప్పును. కనుక తెర వెనుకకు చూపు పోవుటయే తప్పనరాదు.

అయితే తెర అబద్ధమా? అదియు కాదు. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామ మొదట తెర చాటుననే నిలిచి, తన జడను మాత్రము తెరమీదుగా వేయును. ముందేది చూపవలెనో, ఎప్పుడు చూపవలెనో నిర్ణయించునది ఆమెయే. ఆ పాత్రకు పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) పురుషుడని సభవారెరుగుదురు. ఎరిగియు సత్యభామనే చూచిరి. ఇందు మోసమెక్కడిది? తెర యనునది ఆడువానికిని చూచువానికిని నడుమ కుదిరిన ఒప్పందము. అడుగక పటము తీసి పంచినవాడు చెడగొట్టునది ఆ ఒప్పందమునే.

‘అడిగినచో ఆ సహజత్వము పోవును; మనిషి బిగుసుకొని కూర్చుండును’ అందురు. నిజమే. కాని బేరము కుదరక మునుపు సరుకును చేత పట్టి చూచుట దొంగతనము కాదు. చెప్పక ఇంటికి మోసికొని పోవుటయే దొంగతనము. ముందు అడుగ వీలుకానిచో, తీసిన పటమును మొదట ఆ మనిషికే చూపవలెను. వద్దన్నచో అతని యెదుటనే చెరిపివేయవలెను. నేటి కెమెరాలో అది ఒక మీట నొక్కినంత పని.

పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండపై 13వ శతాబ్దిలో పార్శ్వనాథ బసది వెలసినది. జైన కథలు ఈ సీమకు కొత్తవి కావు. వానిలో నీలాంజన కథ ఈ విచారమునకు మిక్కిలి దగ్గరిది. జినసేనాచార్యులు సంస్కృతమునను, పంపకవి 941లో కన్నడమునను రచించిన ఆదిపురాణములలో ఈ కథ కలదు. వృషభదేవుని సభలో దేవనర్తకి నీలాంజన ఆడుచు ఆడుచుండగనే ఆయువు తీరి మాయమయ్యెను. రసభంగము కాకుండ ఇంద్రుడు తత్‌క్షణమే అట్టి రూపమునే మరియొకదానిని నిలిపెను. సభలో ఎవరును గుర్తింపలేదు, వృషభదేవుడొక్కడే గుర్తించెను. తెర వెనుకటి సత్యమును చూచినవాడాయన. చూచి ఏమి చేసెను? ఇంద్రుని గుట్టు బయట పెట్టలేదు, నర్తకిని ఎత్తిపొడువలేదు. ఆ చూపును తనవైపే త్రిప్పుకొని, తన బ్రతుకును అట్టిదేగదా యని తలపోసి, రాజ్యమును విడిచెను.

చూచుటలో తప్పు లేదు. చూచిన పిమ్మట చూపు ఎటు తిరుగునన్నదే ప్రశ్న. ఎదుటివానిపైకి తిరిగినచో వెక్కిరింత. తనపైకి తిరిగినచో జ్ఞానము. ఆ రైతు సగము రంగు ముఖమును చూచి నవ్వినవారు తమ ముఖములను తలచుకొన్నారా? గల్లాపెట్టె ముందు ఒక ముఖము, అప్పులవాని ముందు మరొకటి, చుట్టముల యెదుట వేరొకటి పెట్టుకొనని గృహస్థుడెవడు? రెండు ముఖముల నడుమ అందరును సగము రంగుతోనే కూర్చుండువారము.

కావున తెర వెనుక తీసిన పటమునకు పరీక్ష యొకటే చాలును. ఆ పటమును ఆ రైతు తన యింటి గోడకు, తల్లిదండ్రుల పటముల ప్రక్కన, సంతోషముతో తగిలించుకొనునా? తగిలించుకొనునట్టిదైనచో దానిని లోకమంతయు చూడవచ్చును.