అరిగిన యింజను

ఇంట పండ్రెండేండ్లుగా తిరుగుచున్న మోటారుకారు ఒకనాడు ఎత్తెక్కలేక రొప్పును. వెనుకగొట్టమున నీలిపొగ విడుచును. వారము తిరుగకమున్నే నూనె త్రాగును. మేస్త్రీ మూత యెత్తి చూచి "ఇంజను దింపవలెను" అనును. ఆ మాటతో గృహస్థునకు సంకటము మొదలగుచున్నది. అరిగినదానిని బాగుచేయించుటయా? తీసివేసి వేఱొకటి పెట్టించుటయా? ఇది కేవలము రూపాయల లెక్క యని పెక్కుర తలంపు. మే మట్లు తలంపము.

ఈ విషయమున లోకమందు రెండు బుద్ధులు కనబడుచున్నవి. మొదటిది పారవేయుబుద్ధి. ఇది అరుగుటనే నేరముగా నెంచి, దుకాణదారునికన్న ముందే క్రొత్తదాని పేరెత్తును. రెండవది పట్టుకొని వ్రేలాడుబుద్ధి. తండ్రి కొన్న బండి యనియు, పెండ్లికూతురు దిగిన బండి యనియు చెప్పి, ఇది దాని పొగను గూడ భక్తితో పీల్చును. ఈ రెండును పైకి విరోధులు గాని లోపల నొక్కటియే. యంత్రమును తెఱచి చూచు నోపిక రెంటికిని లేదు.

తెఱచి చూచినచో యంత్రము తన సంగతి తానే చెప్పును. నల్లపొగ పెట్రోలు మితిమీఱి కాలుటకు గుర్తు; నీలిపొగ నూనె కాలుటకు గుర్తు. సిలిండరు గోడ అంతట నొకేరీతి నరుగదు. పిస్టను పైకి వచ్చి మరలు చోట వేడిమి హెచ్చు, నూనెపొర పలుచన. కావున నచ్చటనే అరుగుదల యధికము. గుండ్రని రంధ్రము క్రమముగా కోలవడును. దీనిని కనుగొనుటకు పెద్ద విద్య యక్కఱలేదు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరు కంప్రెషను కొలువవలెను. పిమ్మట చెంచాడు నూనె లోపల పోసి మఱల కొలువవలెను. ఒత్తిడి పెరిగెనా, రింగులో బోరో అరిగినవి. పెరుగలేదా, దోషము వాల్వులయందో హెడ్డు గాస్కెటునందో యుండును; వానిని సాధారణముగా ఇంజను దింపకయే బాగుచేయవచ్చును. ఈపాటి పరీక్షయైన చేయక తీర్పు చెప్పు మేస్త్రీయు, చేయుమని యడుగక తలయూచు యజమానియు తప్పులో సమభాగస్వాములని మా యభిప్రాయము. అజ్ఞానమున చేసిన పొదుపును, అజ్ఞానమున చేసిన వ్యయమును మేము వేఱువేఱుగా చూడలేకున్నాము.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు బండినే తీసికొందము. 1489 ఘన సెంటీమీటర్ల దాని పాత పెట్రోలు ఇంజను దిమ్మె పోతయినుముది. గోడ లరిగినప్పుడు బోరు చేసి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్దవైన పిస్టనులు వేయుదురు. గోడ మఱీ పలుచనైనచో స్లీవు దిగగొట్టుదురు. క్రాంకును సానపట్టి తదనుగుణమైన బేరింగులు కూర్చుదురు. ఇట్లు రెండుమూడు జన్మము లెత్తిన యింజనులు గలవు. మిళిందరాజు తాను రథముమీద వచ్చితి ననగా, ఇరుసు రథమా, చక్రము రథమా యని నాగసేనుడు ప్రశ్నించెనట. పిస్టనులు, రింగులు, బేరింగులు మారిన పిదప మనము ప్రేమించుచున్న "ఆ యింజను" ఏది? ఈ ప్రశ్న వేసికొన్నవానికి వ్రేలాడుబుద్ధి కొంత సడలును. అయినను నన్ని యింజనులును ఇట్టి చికిత్సకు లొంగవు. నేటి యల్యూమినియపు దిమ్మెలు కొన్నింటి గోడలకు గట్టి పలుచని పూత యుండును; వానిని మామూలు బోరింగు యంత్రమున కెక్కించుట చెఱచుటయే. దిమ్మె పగిలి, క్రాంకు విఱిగినచోట మార్పించుటయే మేలు.

మార్పించుదు మన్నను మఱియొక విచారము గలదు. ఆ వచ్చు నింజను ఎక్కడిది? బండి రిజిస్ట్రేషను పత్రమునందు ఇంజను సంఖ్య వ్రాయబడియుండును. అంకెలు ఆకురాయితో గీచివేసిన యింజను చౌకగా దొరకినచో, అది యెవరి వాకిటనుండి మాయమైన బండిదో అడుగని కొనుగోలుదారుడు దొంగకు పెట్టుబడి పెట్టినవాడే. ఇక బాగుచేయించుటను ఏడాదికేడాది వాయిదా వేయు వానికిని ఋణము లేకపోలేదు. అతడు మిగిల్చిన రూపాయలకు వడ్డీ చెల్లించునది వెనుక సైకిలుమీద వచ్చు మనుష్యుని యూపిరితిత్తులు. పొగ విడుచు బండి యజమాని కిటికీ బిగించుకొని ముందుకు పోవును.

ఇంతకును ఎక్కువమంది త్రొక్కు దారి ఈ రెండును గాదు, మూడవది. చిక్కని నూనె పోసినచో నాలుగు దినములు పొగ తగ్గును, చప్పుడడగును. ఆ నాలుగు దినములలో బండి నమ్మివేయుదురు. మేమును ఒకప్పు డా డబ్బా కొని తెచ్చినవారమే. కొనవచ్చినవాడు బాడుగకు త్రిప్పుకొనదలచిన యువకుడు. అప్పు చేసి డబ్బు తెచ్చెను. "ఇంజను బాగున్నదా అండీ?" అని అతడడిగినప్పుడు డబ్బా ఇంకను మూత తీయక గూటిలోనే యున్నది. ఉన్న సంగతి చెప్పితిమి. చెప్పుటకు పట్టిన క్షణము మేము తలచినదానికన్న దీర్ఘముగా నుండెను. అతడు మేము బిగబట్టి చెప్పిన వెలలో నలుబదివేలు తగ్గించి యడిగెను. మేము పాతిక యనగా ముప్పదికి కుదిరెను. డబ్బాను గూడ అతనికే యిచ్చి, దేనికి తెచ్చితిమో చెప్పితిమి. అతడు నవ్వి బండియెక్కి, తిన్నగా షెడ్డునకు పోనిచ్చి ఇంజను దింపించెను.