దవడ సంధి, సాక్షి భావం

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి కింది దవడను పూర్వరూపంగా (ముందు వర్ణంగా), పై దవడను ఉత్తరరూపంగా (తర్వాతి వర్ణంగా), వాక్కును వాటి సంధిగా ధ్యానించమంటుంది కనుక, నోరు తెరిచినప్పుడల్లా చెవి ముందు టక్కుమనే దవడను తుచ్ఛమైన దేహధర్మమని తోసివేయడం ఆ ఉపనిషత్తును చదివే సంప్రదాయానికి తగదు. కీలులోని పలుచని మెత్తని బిళ్ల ముందుకు జారి, నోరు తెరిచేటప్పుడు దవడ ఎముక తల దాని కిందికి తిరిగి చేరినప్పుడు సాధారణంగా ఆ చప్పుడు పుడుతుంది; నొప్పి లేకుంటే చాలావరకు చికిత్స అక్కరలేదు.

ఇలాంటి దేహధర్మాన్ని ఎలా చూడాలో సాక్షి భావం చెబుతుంది. బెంగళూరు కాడుగోడిలోని సత్యసాయిబాబా ఆశ్రమం బృందావనానికి వచ్చే తెలుగు భక్తులకు సాక్షి, అంటే దేహంలో జరిగేదానిని తానే అదని భావించక చూసే ఎరుక, కొత్త భావన కాదు. అయితే సాక్షిగా ఉండడమంటే బాధను ఊరక భరించడమేనా? కాదనే చెప్పాలి, ఎందుకంటే జపంలోనో, ఆఫీసులో కంప్యూటరు ముందో తెలియకుండా బిగిసిన పళ్లను గమనించి, పెదవులు కలిసి ఉండగానే పళ్లు విడివడేలా దవడను వదులు చేయడం ఆ ఎరుక చేసే పనే. గట్టి పదార్థాలు తగ్గించడం, పెద్ద ఆవులింతకు గడ్డం కింద చెయ్యి అడ్డుపెట్టడం, వేడి కాపడం కూడా ఉపకరిస్తాయి. నొప్పి తగ్గకుండా ఉన్నా, నోరు పట్టేసినా దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం వైరాగ్యానికి లోటు కాదు. బాబా సంస్థే 2001లో వైట్‌ఫీల్డ్‌లో ఉచిత వైద్యానికి పెద్దాసుపత్రి తెరిచింది.