రోగి ముందు కర్మ మాట

క్యాన్సర్ అని తేలగానే “ఏ జన్మలో ఏం పాపం చేశానో” అని రోగి కుమిలిపోవడం రెడ్డిగూడెం లాంటి మామిడి తోటల మండలంలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఒకటే. అది బాధలోంచి పుట్టిన ప్రశ్న. దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ చూడవచ్చినవాళ్లు “చేసుకున్న కర్మ, అనుభవించక తప్పదు” అన్నప్పుడు అది తీర్పు అవుతుంది. ఆ తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. కర్మను మనసారా నమ్మేవారికి కూడా ఎదుటి మనిషి పూర్వజన్మ కనిపించదు. కనిపించేది అతని అవసరం, దాని ముందు తాము చేయాల్సిన పని.

ముందు శరీరం సంగతి చూద్దాం. 2017లో ‘సైన్స్’ పత్రికలో టొమాసెట్టి, వోగెల్‌స్టీన్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం క్యాన్సర్‌కు దారితీసే జన్యుమార్పుల్లో దాదాపు మూడింట రెండు వంతులు కణాలు విభజన చెందేటప్పుడు యాదృచ్ఛికంగా దొర్లే పొరపాట్లు. ఆ లెక్కపై శాస్త్రవేత్తల్లో చర్చ ఉన్నా, పసిపిల్లల లుకేమియాకు చాలాసార్లు ఫలానా కారణమని చూపలేమన్నది కాదనలేనిది. మన గ్రంథాలూ తొందరపడి తీర్పు చెప్పలేదు. అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనన్న వాదాన్ని శివక సుత్తంలో బుద్ధుడు తోసిపుచ్చాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటి ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే ఉంచాడు. ఆయువంతా ముందే రాసిపెట్టి ఉంటే వైద్యంతో పనేముందన్న తర్కాన్ని చరకసంహిత విమానస్థానం లేవనెత్తి, దైవంతోపాటు మనిషి ప్రయత్నానికీ చోటిచ్చింది. బైబిల్లో యోబు కష్టాలకు అతని పాపమే కారణమన్న మిత్రులను దేవుడే మందలించాడు.

కర్మ అనుకుంటేనే మనసుకు ఊరట కదా అని కొందరంటారు. నిజమే, ఆ నమ్మకంతో గుండె దిటవు చేసుకునే రోగులున్నారు. వారి దగ్గర దాన్ని లాక్కోకూడదు. అయితే తానుగా పట్టుకున్న ఊతం వేరు, పక్కవాడు నెత్తిన పెట్టిన బరువు వేరు. మరి పొగాకు వాడి జబ్బు తెచ్చుకున్నవాళ్ల మాటేమిటని ఇంకొందరు అడుగుతారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. కారణం తెలిస్తే అలవాటు మాన్పించవచ్చు, పిల్లలకు చెప్పవచ్చు. అంతేగాని జబ్బు పడ్డ మనిషికి తోడు నిరాకరించడానికి అది సాకు కాదు.

చేయాల్సిన పని ఏమిటో రెడ్డిగూడెం నుంచే చూడవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్య సేవ, చికిత్స ఖర్చు భరిస్తుంది. కానీ రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. విజయవాడకో గుంటూరుకో వెంట వెళ్లే మనిషికి ఆ రోజుల కూలి పోతుంది, ఇంటి దగ్గర పిల్లలకు వండిపెట్టే దిక్కుండదు. కీమో తర్వాత ముద్ద దిగదు. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. వంతులవారీగా తోడు వెళ్లడం, చార్జీలకు చేయి కలపడం, రక్తమివ్వడం ఊరు చేయగల పనులు. ఇది అంటుకునే జబ్బు కాదు గనుక పళ్లెం, గ్లాసు వేరు పెట్టకూడదు. రొమ్ము తీసేసిన ఆడమనిషిని పేరంటానికి ఎప్పటిలాగే పిలవాలి. అన్నిటికన్నా ముందు, రోగి చెప్పుకునేది వినాలి.

ఎంత చేసినా పోయే ప్రాణం ఆగుతుందా అన్నది చివరి అభ్యంతరం. ఆగని చోట కూడా నొప్పి తగ్గించవచ్చు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పీస్ తెరిచిన సిసిలీ సాండర్స్, రోగి బాధలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, ఆత్మ కూడా ఉంటాయని గుర్తించి వైద్యాన్ని ఆ మేరకు విస్తరించారు. నొప్పితో ఉన్నవారికి మార్ఫిన్ అందేలా మన దేశం 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. ఇక ఆగే ప్రాణాలూ ఉన్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ అనే పేగుల వ్యాధికి సోదరులను పోగొట్టుకున్నారు, రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. ఆయన విధి అని ఊరుకోలేదు. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లంపై చేసిన పరిశోధన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులకు దారితీసింది. అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. దైవభక్తి, రోగంతో పోరాటం ఒకే మనిషిలో ఇమిడాయి. కాబట్టి కర్మను నమ్మేవారు నమ్మకం వదులుకోనక్కర్లేదు. దాన్ని ఎదుటివారి గతం మీద కాక తమ రేపటి పని మీద ప్రయోగించాలి. ఆ సిద్ధాంతంలో మన చేతిలో ఉన్న భాగం అదొక్కటే.