శ్రీకాళహస్తి సాలెపురుగు నేర్పిన భక్తి: తన ఒంట్లోంచి ఇచ్చినదే నైవేద్యం

ఓం నమః శివాయ.

శ్రీకాళహస్తి క్షేత్రం గురించి మనం వీడియోలో చెప్పుకున్నాం. అందులో సమయం చాలక రెండు మాటల్లో దాటేసిన విషయం ఒకటుంది. దాన్ని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. అది సాలెపురుగు సంగతి.

శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ముగ్గురు భక్తుల పేర్లూ కలిసి ఊరి పేరయింది, స్వామి పేరూ అయింది. ఏనుగుకి బలం ఉంది. పాముకి మణి ఉందంటారు. సాలెపురుగుకి ఏముందండీ? చీపురు తగిలితే చచ్చిపోయే ప్రాణి అది. అయినా స్వామి తన పేరులో మొదటి చోటు దానికే ఇచ్చాడు. ఎందుకిచ్చాడు?

ముగ్గురూ ఏం తెచ్చారు?

కథ మీకు తెలిసిందే. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఈ భక్తుల కథలు చెప్పాడు. పాము మణులు తెచ్చి స్వామికి అలంకరించేది. ఏనుగు స్వర్ణముఖి నీళ్లు తొండంతో తెచ్చి అభిషేకం చేసి, ఆకులూ పూలూ పెట్టేది. ఇద్దరిదీ గొప్ప భక్తే, కాదనను. కానీ గమనించండి, ఆ మణులు పాము చేసినవి కావు. ఆ నీళ్లు ఏనుగు పుట్టించినవి కావు. బయట ఉన్నదాన్ని తెచ్చి పెట్టారు. మనం కూడా అంతే కదా. కొబ్బరికాయ కొట్లో కొంటాం, పూలు బజార్లో కొంటాం.

సాలెపురుగు బయటినుంచి ఏమీ తేలేదు. తన పొట్టలోంచి దారం తీసింది. ఆ దారంతోనే స్వామికి గుడి కట్టింది, గోపురం కట్టింది, ప్రాకారం కట్టింది. గాలికి తెగితే మళ్లీ కట్టింది. పరీక్షించాలని స్వామి దీపపు మంటతో ఆ గూడు కాలిపోయేలా చేశాడు. అప్పుడది 'ఇంత చేస్తే నాకిచ్చేది ఇదా' అని అలగలేదు. స్వామి గుడిని కాల్చిన ఆ మంటనే మింగేద్దామని దానిమీదికి ఉరికింది. దారం అయిపోతే ప్రాణం ఇవ్వబోయింది. అప్పుడు స్వామి ప్రత్యక్షమయ్యాడు.

అందుకే మొదటి చోటు దానికి దక్కిందని నేననుకుంటాను. అది తన ఒంట్లోంచి ఇచ్చింది.

ఆ దారం ఎక్కడినుంచి వస్తుంది?

ఇది పురాణంలో చెప్పుకునే మాట మాత్రమే కాదు. ఏ సాలెపురుగునైనా దగ్గరగా చూడండి, ఈ కథ కళ్లముందే జరుగుతూ ఉంటుంది.

ముందు ఒక మాట. సాలెపురుగుని మనం పురుగు అంటాం గానీ అది కీటకం కాదు. చీమకి, ఈగకి, తేనెటీగకి ఆరు కాళ్లు, తల మీద మీసాలు. సాలెపురుగుకి ఎనిమిది కాళ్లు. మీసాలుండవు, రెక్కలుండవు. ఎక్కువ జాతులకి ఎనిమిది కళ్లు కూడా ఉంటాయి. ఒళ్లు రెండే భాగాలు: కళ్లూ కాళ్లూ ఉన్న ముందు భాగం, వెనక పొట్ట. ఆ పొట్ట చివర దారం తీసే చిన్న చిన్న బుడిపెలు, సాధారణంగా ఆరు ఉంటాయి. లోపల గ్రంథుల్లో పట్టు ద్రవంగా ఉంటుంది. బయటికి లాగుతున్న కొద్దీ అదే గట్టిపడి దారమవుతుంది. అన్నీ ఒకే రకం దారాలు కావు. తాను వేలాడడానికి ఒకటి, ఈగ అంటుకోవడానికి జిగురుది ఒకటి, గుడ్లు చుట్టడానికి మెత్తనిది ఒకటి. ఒక్కో రకానికి ఒక్కో గ్రంథి.

ఇంకో చిత్రం వినండి. చక్రంలా గూడు అల్లే సాలెపురుగుల్లో చాలా జాతులు పాతబడిన గూటిని తామే తినేస్తాయి. ఆ పట్టు ఒంట్లో కరిగి మళ్లీ కొత్త దారంగా బయటికి వస్తుంది. ముండకోపనిషత్తులో ఋషి పరబ్రహ్మానికి సాలెపురుగుని పోలిక తెచ్చింది ఇందుకే. సాలెపురుగు దారాన్ని తనలోంచి వెలువరించి, మళ్లీ తనలోకే తీసుకున్నట్టు, ఈ జగత్తు ఆ అక్షరం నుంచి వస్తుందన్నాడు. కుమ్మరి కుండ చేయాలంటే మట్టి వేరే కావాలి. సాలెపురుగుకి వేరే మట్టి అక్కర్లేదు, చేసేదీ అదే, సరుకూ అదే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల్ని యదు మహారాజుకి చెబుతూ, వాళ్లలో సాలెపురుగునీ లెక్కపెట్టాడు.

కాళహస్తి వాయులింగ క్షేత్రం కదా. సాలెపురుగు గాలి పీల్చే తీరు కూడా చెప్పాలి. చాలా జాతులకి పొట్ట కింద పుస్తకంలో పేజీల్లా పలచటి పొరలు దొంతరగా ఉంటాయి. పుస్తకాకార ఊపిరితిత్తులు అంటారు. ఆ పేజీల మధ్య గాలి ఆడుతుంది. వాయువు రూపంలో ఉన్న స్వామి ఆ చిన్న పొట్టలో కూడా కదులుతున్నాడనిపిస్తుంది నాకు.

ఒకే ఇంటిపేరు వాళ్లు

సాలెపురుగు ఒంటరిది కాదు, దాని చుట్టాలు చాలామంది ఉన్నారు. శాస్త్రవేత్తలు ఇప్పటికి 50,000కు పైగా సాలెపురుగు జాతుల్ని గుర్తించారు. తేళ్లు, పశువుల చెవుల్లో పట్టే గోమార్లు, సముద్రంలో బతికే గుర్రపుడెక్క పీత, అందరిదీ ఒకే వంశం. కీటకాల్లాంటి దవడలు వీటికి ఉండవు. నోటి ముందు ఒక జత కోరలో, చిన్న పట్టకార్లో ఉంటాయి. అదే వీళ్ల ఇంటిపేరు అనుకోండి.

ఈ చుట్టాల్లో మీ అందరికీ తెలిసిన ముద్దులది ఒకటుంది: ఆరుద్ర పురుగు. తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలా చేలల్లో పాకుతుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డిపెట్టి దాచుకోనివాళ్లు మనలో ఎవరున్నారు! ఈసారి కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. ఆర్ద్ర నక్షత్రానికి అధిదేవత రుద్రుడు. ఆరుద్ర కార్తెలో కనబడే పురుగుకి మన రైతులు ఆ పేరే పెట్టారు. నేల తడిసిందని ముందుగా కబురు చెప్పేది సాలెపురుగు చుట్టమే.

తేలు తల్లి, నీలి రక్తం

తేలు పేరెత్తగానే చెప్పు వెతుకుతాం. 'వాడి నోట్లో తేలు కొండి ఉంది' అని తిట్టడానికి వాడుకుంటాం. కానీ ఆ తేలు గుడ్లు పెట్టి వదిలేసే ప్రాణి కాదు, పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్లలు తెల్లగా, మెత్తగా, ఏ రక్షణా లేకుండా ఉంటాయి. ఒక్కొక్కటీ తల్లి వీపెక్కుతుంది. మొదటి కుబుసం విడిచేదాకా తల్లి వాటిని వీపుమీదే మోస్తుంది. పిల్లలు తల్లి వీపు చీల్చుకుని పుడతాయని కొందరంటారు. అది నిజం కాదండీ. వీపు నిండా పిల్లల్ని చూసి ఎవరో అలా అనుకుని ఉంటారు.

ఇక గుర్రపుడెక్క పీత. పేరుకి పీతే గానీ పీత కాదు, తేలుకీ సాలెపురుగుకీ చుట్టం. ప్రపంచంలో నాలుగు జాతులే ఉన్నాయి. మన దేశంలో రెండు జాతులు ఒడిశా, బెంగాల్ తీరాల్లో ఉన్నాయి. 44 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో కూడా దీని పూర్వీకుల ఆనవాళ్లు దొరికాయి. దీని రక్తం నీలం. మన రక్తంలో ఇనుము పనిచేసే చోట దీనికి రాగి పనిచేస్తుంది.

ఆ నీలి రక్తంలో ఒక గుణం ఉంది. కొన్ని రకాల బాక్టీరియా విషం లేశమాత్రం తగిలినా గడ్డకడుతుంది. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని ఒక పరీక్షగా మార్చాడు. ఇంజెక్షన్లలో, సెలైన్లో, టీకాల్లో ఆ విషం ఉందో లేదో చూడడానికి అమెరికాలో 1977 నుంచి ఆ పరీక్షకు అనుమతి ఉంది. అంతకుముందు ఈ పనికి కుందేళ్లను వాడేవారు. అమెరికా తీరంలో ఈ ప్రాణుల్ని పట్టి, కొంత రక్తం తీసి, మళ్లీ సముద్రంలో వదులుతారు. అన్నీ బతకవు, కొన్ని చచ్చిపోతాయి. ఇప్పుడు ఆ రక్తానికి బదులు ప్రయోగశాలలో చేసే పదార్థం కూడా వచ్చింది, మంచిదే. కానీ ఇన్నేళ్లూ మన రక్తనాళాల్లోకి వెళ్లిన మందుకి కాపలా కాసింది మనం పేరైనా వినని ఒక ప్రాణి రక్తమండీ.

దారం, వీపు, రక్తం. ఈ వంశంలో ఎవరిని చూసినా తన ఒంట్లోంచే ఇస్తున్నారు.

తేలు కుడితే మంత్రమా, ఆసుపత్రా?

భక్తి పేరుతో ప్రాణాలు పోకూడదు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం భక్తులు కొండమీద రాళ్ల కింద తేళ్లను పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. తరాలుగా వస్తున్న నమ్మకం అది, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఆ వీడియోలు చూసి మీ ఇంట్లో పిల్లల చేతికి తేలునివ్వకండి.

మా ఊళ్లో నా చిన్నతనంలో, మా వీధి పిల్లాడు రాత్రిపూట కట్టెల దగ్గర ఎర్రతేలు కుట్టించుకున్నాడు. ఇంట్లోవాళ్లు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. 'విషం దిగుతోంది' అన్నారు. దిగలేదు, ఎక్కింది. తెల్లవారేసరికి పిల్లాడు లేడు. వాళ్లమ్మ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బని చూసి భయపడతాం. నిజంగా ప్రాణాలు తీసేది చిన్నగా ఉండే ఎర్రతేలు. దాని విషం గుండె మీద, ఊపిరితిత్తుల మీద దెబ్బ కొడుతుంది. పిల్లలకు మరీ ప్రమాదం. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో ఉండి, డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ గారు ఏళ్లతరబడి ఈ కేసులే చూశారు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే మామూలు మాత్ర దీనికి పనికొస్తుందని గుర్తించి ప్రపంచానికి చెప్పారు. సమయానికి ఆ మందు పడితే చాలా ప్రాణాలు నిలబడుతున్నాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మందు ఆయన మనసులో మెదలడం కూడా ఈశ్వరానుగ్రహమే అంటాను నేను.

కాబట్టి తేలు కుడితే కోయకండి, తాడు బిగించి కట్టకండి, సొంతంగా మాత్రలు వేయకండి. వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. మంత్రం మానేయమనడం లేదు. ఆసుపత్రికి వెళ్లే ఆటోలో కూర్చుని పంచాక్షరి జపించండి. శివుడు దారిలో కూడా వింటాడు.

ఇంట్లో ఏం చేయాలి?

'గురువుగారూ, ఇంట్లో సాలెగూడు ఉంటే దరిద్రమా? తీస్తే పాపమా?' అని చాలామంది అడుగుతారు. దుమ్ము పట్టిన ఖాళీ గూడు బూజే, దులిపేయండి. ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం ధర్మం. గూట్లో ప్రాణి కనిపిస్తే గ్లాసు బోర్లించి, కిందనుంచి అట్టముక్క దూర్చి, బయట చెట్టు దగ్గర వదిలేయండి. మన ఇళ్లలో కనిపించే సాలెపురుగులు దాదాపు ఏవీ మనిషికి ప్రాణాపాయం చేయవు. రాత్రిపూట గోడమీద పొడుగు కాళ్లది పెద్దది ఒకటి, పొట్ట కింద తెల్లటి బిళ్లలాంటిది పట్టుకుని కనిపిస్తుంది చూడండి. ఆ బిళ్ల దాని గుడ్ల సంచి. ఆ తల్లి గూడు అల్లదు, మీ బొద్దింకల్ని తినిపెడుతుంది. తేలు ఇంట్లోకి వస్తే మాత్రం చేత్తో ముట్టుకోకండి. కట్టెలు, ఇటుకలు ఇంటి గోడకి ఆనించి పెట్టకండి, చెప్పులు దులిపి వేసుకోండి.

ఇక స్వామికి ఏమివ్వాలి? కొబ్బరికాయ ఇవ్వండి, మారేడు దళం ఇవ్వండి. దాంతోపాటు సాలెపురుగులా మీ ఒంట్లోంచి కూడా ఒకటివ్వండి. గొంతుంటే కీర్తన ఇవ్వండి. కాళ్లూ చేతులూ ఆడుతుంటే గుడి వాకిలి ఊడ్చండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, 45 కిలోల బరువుండి, డాక్టరు సరేనంటే రక్తం ఇవ్వండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మళ్లీ ఊరుతుంది, సాలెపురుగు దారం ఊరినట్టే.

ఈ సోమవారం దీపం పెట్టాక ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించండి తల్లీ, నాయనా. కొని తెచ్చింది కాకుండా, నాలోంచి నేను తీసి ఇచ్చింది ఏమైనా ఉందా అని. ఉంటే, ఎంత చిన్నదైనా, ఆ వాయులింగేశ్వరుడు అందుకుంటాడు.

సర్వం శివార్పణం. శుభం భూయాత్.