కహోడుడి కోపం

అష్టావక్రుడి కథ చెప్పేవాళ్లంతా జనకుడి కొలువు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచుతారు. పన్నెండేళ్ల పిల్లాడు ఆస్థాన పండితుడైన వందిని వాదంలో ఓడించే ఘట్టం అది. మా బావగారూ అంతే. నరసరావుపేట చుట్టుపక్కల గుళ్లలో కార్తీకం వచ్చిందంటే ఆయన పురాణం ఉండాల్సిందే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయినదాన్ని. నా మనసు మాత్రం కథ మొదట్లోనే ఆగిపోతుంది. కహోడుడు శిష్యుల మధ్య కూర్చుని వేదం వల్లిస్తున్నాడు. సుజాత కడుపులో ఉన్న బిడ్డ, నాన్నా, నీ పాఠం సరిగ్గా లేదన్నాడు. నిజంగా తప్పుందా లేదా అని ఆయన చూసుకోలేదు. శిష్యుల ముందు పరువు పోయిందని మండిపడి, ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు.

ఇది ఏ కాలం నాటి ముచ్చటో అనుకోనక్కర్లేదు. ఏ స్టాఫ్ రూములోనైనా ఒక పూట కూర్చుంటే చాలు. "వాడికి పొగరండీ, బోర్డు మీద లెక్క పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడు" అన్న మాట చెవిన పడుతుంది. మిగతా కథ కూడా చూడండి. బిడ్డను వంకరగా చేసింది తండ్రే. చివరికి సమంగ నదిలో మునగమని చెప్పి ఆ వంకరలు తీయించిందీ తండ్రే. కానీ మధ్యలో ఆయన ఆ వంది చేతిలోనే వాదంలో ఓడి నీళ్ల పాలయ్యాడు, ఆ కొడుకే వెళ్లి విడిపించుకు రావాల్సి వచ్చింది. పిల్లాడి గొప్పతనం గురించి మనం చెప్పుకునే ఈ కథలో సరిదిద్దుకోవలసినవాడు పెద్దవాడు.

ఈ మాట అంటే బావగారు ఒప్పుకోరు. "అది పూర్వజన్మ సుకృతం అమ్మా. అలాంటివాళ్లకి మనం చెప్పేదేముంది? వాళ్లే చదువుకుంటారు. వెనకబడ్డవాళ్లని చూసుకో, అదీ పుణ్యం" అంటారు. పైగా గీత ఆరో అధ్యాయం తీస్తారు. యోగం మధ్యలో ఆగిపోయినవాడు మంచి ఇంట్లో పుడతాడనీ, వెనకటి దేహంలో సంపాదించుకున్న బుద్ధి మళ్లీ అందుకుంటాడనీ, అక్కణ్నుంచి ముందుకు సాగుతాడనీ భగవానుడు అర్జునుడికి చెప్పిన చోటు అది.

సరే, ఆ మాటే తీసుకుందాం బావగారూ, అంటాను నేను. వాడు ఆగిన చోటు నుంచి మొదలుపెట్టడానికి వచ్చాడు. అటువంటివాణ్ని తీసుకొచ్చి మొదటి పేజీ దగ్గర కూర్చోబెట్టి, అందరూ వచ్చేదాకా కదలొద్దనే హక్కు మనకెక్కడిది? పూర్వజన్మ మీద నిజంగా నమ్మకం ఉన్నవాడికి ఆ పిల్లాడి తొందర పొగరుగా కనబడదు. నమ్మకం లేనివాళ్లకి నేను చెప్పేదీ అదే, కాకపోతే పూర్వజన్మ సంస్కారం అనే చోట మెదడు అంటాను. ఎక్కణ్నుంచి వచ్చిందన్న లెక్క తేలినా తేలకపోయినా, బిడ్డ మన బెంచీ మీదే కూర్చుని ఉంది.

ఒక పిల్ల సంగతి చెబుతాను. ఆరో తరగతి. వాళ్లమ్మ మిరప కోతలకి వెళ్లేది, కోతల రోజుల్లో ఈ పిల్ల కూడా బడికి సరిగ్గా వచ్చేది కాదు. ఒకరోజు ఇంటర్వెల్‌లో వరండా మీద చింతగింజలు పేర్చుకుంటోంది. వామనగుంటలేమో అనుకున్నాను. కాదు. ఒక గింజ పెట్టింది. దాని పక్కన, కింద, మూలన మూడు పెట్టింది. రెండు వరసల చదరం అయింది. దాని చుట్టూ అదే పద్ధతిలో అయిదు, తర్వాత ఏడు. "టీచర్, బేసి సంఖ్యలు వరసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ చదరమే వస్తోంది" అంది. ఎప్పుడూ వస్తుందని నీకెలా తెలుసే అన్నాను. గింజల మీద వేలు పెట్టి చూపించింది. "ఈ పక్కన మూడు, ఆ పక్కన మూడు, మూలకి ఒకటి. పక్కలు రెండూ ఎప్పుడూ సమానమే, మూలకి ఎప్పుడూ ఒకటే. ఇంక బేసి కాక ఏమవుతుంది?"

ఆ వారం ఆ తరగతిలో మేం క.సా.గు. చేస్తున్నాం. ఈ పిల్ల చెప్పింది ఎనిమిదిలో వర్గసంఖ్యల దగ్గర వస్తుంది. అక్కడ కూడా సూత్రం వస్తుంది, నిరూపణ చాలామంది చెప్పరు. లెక్కల పీరియడు ఒక్కటీ ఆ పిల్లని ఎనిమిదిలో కూర్చోనివ్వండని అప్పటి హెడ్మాస్టరుగారిని అడిగాను. "వయసుకు తగ్గ తరగతి అని చట్టంలో ఉందమ్మా" అన్నారు. 2009 విద్యాహక్కు చట్టంలో ఆ మాట ఉన్నది నిజమే. బడి మానేసిన పదకొండేళ్ల పిల్లని ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయకూడదని పెట్టిన మాట అది. ముందుకు వెళ్లగలిగిన పిల్లకి అదే తాళమైంది. దానికి బదులు ఆ పిల్లని క్లాస్ లీడర్‌ని చేశారు. టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, నోటు పుస్తకాలు దిద్దడం. మన బళ్లలో తెలివైన పిల్లలకి దొరికే ప్రత్యేక విద్య అదే!

పై తరగతి పుస్తకం నేనే ఇచ్చాను, బడి విడిచాక కూర్చోబెట్టి చెప్పాను. ఏడో తరగతి మధ్యకి వచ్చేసరికి పరీక్ష పేపర్లలో విచిత్రమైన తప్పులు కనబడ్డాయి. కష్టమైనవి సరిగ్గా చేసి, తేలికవి తప్పు రాసేది. అడిగితే ఒకసారి తల దించుకుని చెప్పింది. పేర్లు రాస్తున్నందుకు ఎవరూ ఆటకి పిలవట్లేదట. మార్కులు కాస్త తగ్గితే పిలుస్తారని అనుకుందట. ఆ పిల్ల పాడైపోయిందని మీకు చెప్పను. డిగ్రీ చేసింది, ఉద్యోగం చేసుకుంటోంది, సుఖంగా ఉంది. ఎక్కడైనా కనబడితే నవ్వుతుంది. లెక్కల ఊసు ఎత్తదు.

"అంత ప్రతిభ ఉంటే రామానుజంలా పైకి వచ్చేదిగా" అన్నారు బావగారు. రామానుజం పేరు ఎత్తకుండా ఉండాల్సింది. కుంభకోణం కాలేజీలో లెక్కలు తప్ప ఇంకేదీ చదవక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న ఆ కుర్రాడు, 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నానికే పారిపోయి వచ్చాడు. తర్వాత మద్రాసులోనూ ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. కాగితం కొనలేక పలక మీద లెక్కలు చేసి మోచేత్తో తుడిచేసేవాడు. సూత్రాలు నామక్కల్ నామగిరి తాయారు ఇచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. నేను ఆ మాట కాదనను. కానీ కాగితం అమ్మవారు ఇవ్వలేదు. నెలకి పాతిక రూపాయలు ఇచ్చింది అప్పటి నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారు. ఇంగ్లండులో ఆయన్ని చేరదీసిన హార్డీ, రామానుజం చిన్న వయసులో పోవడం కన్నా, పద్దెనిమిది దాటాక సరైన దారి చూపే దిక్కు లేక ఏళ్లు వృథా కావడమే అసలు విషాదమని అభిప్రాయపడ్డాడు. 1887లో పుట్టి 1920లో పోయిన మనిషి జీవితంలో ఆ ఏళ్లు ఎంత భాగమో చూసుకోండి. వాళ్లే చదువుకుంటారని అనేవాళ్లు ఎప్పుడూ చదువుకోగలిగినవాడి పేరే చెబుతారు. చదువుకోలేకపోయినవాడి పేరు ఎలా చెబుతారు, పేరే రాలేదు కదా.

మంచి ఇంట్లో పుడతాడన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది. మంచి ఇల్లంటే ఏదో మనమే నిర్ణయించేసి, అక్కడే వెతుకుతాం. మా పల్నాడు వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువాని అంటరానివాడంటూ బడిలో ఎలా చూశారో తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. పెద్దయ్యాక మహాకవి చెళ్లపిళ్లవారే ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. అది చెళ్లపిళ్లవారి పెద్దరికం. బడిలో ఉన్నప్పుడు మాత్రం అటువంటి చెయ్యి ఏదీ ముందుకు రాలేదు. తక్కువ కులం పిల్లలో తెలివి కనబడితే ఆశ్చర్యపోవడం, పై కులం పిల్లాడిలో కనబడితే సంస్కారం అనడం, ఈ రెంటికీ కర్మ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

అహంకారం పెరుగుతుందన్నది ఇంకో అభ్యంతరం. ఇది మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. నేను చాలాకాలం దీని గురించి ఆలోచించాను. అహంకారం ఎక్కువగా కనబడేది ఎన్నడూ ఓడిపోని పిల్లల్లోనే. రోజూ తనకి తేలికైన లెక్కలే చేస్తూ, చప్పట్లు కొట్టించుకుంటూ పెరిగినవాడికి ప్రపంచమంతా తన తరగతి గదిలానే ఉంటుందనిపిస్తుంది. వాడికి మూడు రోజులైనా తెగని లెక్క ఒకటి ఇచ్చి చూడండి. మొదటి రోజు కోపం, రెండో రోజు ఏడుపు, మూడో రోజు "టీచర్, ఒక్క చిన్న సూచన ఇవ్వరా?" అని వస్తాడు. ఆ రావడమే ఉపనయనం అంటాను నేను. బావగారు చెవులు మూసుకుంటారు.

తల్లిదండ్రులకి వేరే జబ్బు. పిల్లాడు ఎక్కాలు గబగబా చెబితే చాలు, ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టిన చోట ఆరో తరగతి నుంచే వేసేస్తారు. అక్కడ నేర్పేది వేగం. చింతగింజలు పేర్చుకునే తీరిక ఆ టైంటేబుల్‌లో ఉండదు. ర్యాంకు వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. అది పూర్వజన్మ నుంచి తెచ్చుకున్నదే అయితే అందులో మనదేం లేదుగా, మరి ఫ్లెక్సీ మీద అమ్మానాన్నల ఫొటో దేనికో!

వెనకబడ్డవాళ్ల నోటి దగ్గరది లాక్కుని వీళ్లకి పెట్టమని నేను అనడం లేదు. ఆకలి ఎక్కువున్న బిడ్డకి ఇంకో ముద్ద పెట్టిన తల్లిని పక్షపాతం చూపిందని ఎవరూ అనరు. ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1971లో సర్వేలులో మొదటి గురుకులం పెట్టినప్పుడు ఆలోచన ఇదే. 1986 విద్యావిధానం నవోదయలు తెచ్చింది, సీట్లలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకి అంది. కానీ ఒక్కో నవోదయలో ఆరో తరగతికి తీసుకునేది మహా అయితే ఎనభై మందిని. జిల్లాలో మిగిలినవాళ్లు మన ఊరి బడిలోనే ఉంటారు. 2020 జాతీయ విద్యావిధానంలో ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల కోసం కొన్ని పేరాలు రాశారు, బీఈడీలో దీనికి ప్రత్యేక శిక్షణ ఉండవచ్చన్నారు. మా మండలంలో అటువంటి శిక్షణ పొందిన టీచరు నాకింకా తారసపడలేదు.

అందుకని అలాంటి టీచర్లు వచ్చేవరకూ ఆగకుండా జరిగే పనులే నేను అడుగుతున్నాను. జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు ఆరు, ఎనిమిది తరగతుల లెక్కల పీరియడు ఒకే గంటకి పెట్టండి, అవసరమైన పిల్లలు రిజిస్టరులో పేరు మారకుండానే పక్క గదికి వెళ్లి కూర్చుంటారు. పేర్లు రాసే పని ఆ పిల్లలకి అప్పగించకండి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి పన్నెండు వేలు వస్తాయి. దరఖాస్తుకి ఆదాయ ధ్రువపత్రం కావాలి. కోతలకి వెళ్లే తల్లి దానికోసం ఒక రోజు కూలి వదులుకోవాల్సి వస్తుంది కాబట్టి, ఆ తిరుగుడేదో బడి తరఫున ఎవరైనా తిరగాలి. గడువు దాటితే ఆ పిల్లకి మళ్లీ అవకాశం ఉండదు.