గొట్టము ద్వారా అన్నము

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలయునని మనవారికి ఎవ్వరును బోధింపనక్కఱలేదు. అందుచేతనే, మ్రింగలేని ముసలివానికి గొట్టము వేయుదుమని వైద్యుడు చెప్పినపుడు ఇంటివారు మాఱుమాటాడరు. వలదన్నచో కన్నతండ్రిని పస్తుపెట్టినట్లగునని భయము. ఆ భయము గౌరవింపదగినదే. కాని ఈ గొట్టము ఎన్నాళ్లకు, ఎవరికొఱకు అను ప్రశ్నను అది నోటికి రానీయకున్నది.

గొట్టములన్నియు నొక్కటి కావు. ముక్కునుండి గొంతు మీదుగా కడుపులోనికి పోవు దానిని మన ఆసుపత్రులలో రైల్స్ ట్యూబు అందురు. కత్తితో పనిలేదు, మంచముకడనే వేయవచ్చును, తీయవచ్చును. త్రోవ తప్పి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును గనుక పైకి లాగిన రసము పులుపునో, ఎక్స్‌రేనో చూడక ఆహారము పోయుట ప్రమాదము. పక్షవాతము వచ్చినవారిలో పెక్కుమందికి కొన్ని వారములలో మ్రింగుశక్తి తిరిగివచ్చును. అట్టివారికి ఇది ప్రాణదాత. 4 నుండి 6 వారములకు మించి అవసరమని తోచినయెడల, పొట్టగోడకు రంధ్రము చేసి తిన్నగా కడుపులో నిలుపు పెగ్ గొట్టమును వైద్యులు తలపెట్టుదురు. కడుపులో ఆహారము నిలువనివారికి చిన్నప్రేగులో గొట్టము. అందు గిన్నెడు ఒక్కసారి పోయరాదు, బొట్టుబొట్టుగా గంటల తరబడి ఎక్కింపవలయును.

పొట్ట కోయకుండ పెగ్ గొట్టమును నిలుపు పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున గాడరర్, పాన్‌స్కీ అను వైద్యులు కనుగొనిరి. అది మొదట మ్రింగలేని పసిబిడ్డల నుద్దేశించినది. పిమ్మట జ్ఞాపకశక్తి నశించిన వృద్ధులకును వ్యాపించెను. వారి చివరిదశలో గొట్టము వలదనియు, చేతితో మెల్లగా తినిపించుటయే మేలనియు అమెరికా వృద్ధవైద్య సంఘము 2014లో చెప్పినది. ఏలయన గొట్టము వేసినను ఉమ్మి ఊపిరితిత్తులలోనికి జాఱుట ఆగదు. ఆయువు పెరిగినట్లును కానరాలేదు.

ముక్కు గొట్టము బాధించును. మతి లేనివాడు చేయెత్తి దానిని లాగివేయును. అంతట ఆ చేతిని మంచపు పట్టెకు కట్టుదురు. ఆ చేయి వలదనుచున్నదా, లేక మతిభ్రమచేత కదలుచున్నదా? నిశ్చయముగా చెప్పుట కష్టమే. రెండు వారములలో కోలుకొనువాని చేతికి తొడుగు వేసి కాపాడుట వేఱు. ఎన్నటికిని కోలుకొననివానిని నెలల తరబడి కట్టివేయుట వేఱు. రెండవదానిని అన్నదానమని పిలుచుటకు మాకు నోరాడకున్నది. 1990లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున క్రూజన్ అను యువతి వ్యాజ్యమునందు తర్కమంతయు ఈ గొట్టమును గూర్చియే. మన సర్వోన్నత న్యాయస్థానము కూడ 2018లో, తన కడపటి దినములందు ఏ చికిత్స వలదో మనుష్యుడు ముందుగా వ్రాసియుంచవచ్చునని అంగీకరించినది. మన యిండ్లలో అట్టి పత్రము వ్రాయుట మాట అటుంచుడు, ఆ ప్రసంగమే అశుభము!

చేతితో తినిపించుటకు పూటకు అరగంటయో గంటయో పట్టును. జావ చిక్కగా కాచవలెను, తల నిక్కించి కూర్చుండబెట్టవలెను, ముద్ద దిగువఱకు వేచియుండవలెను. ఆ పని కోడలిదో కూతురిదో అగును. నిర్ణయము మాత్రము కొడుకులది. గొట్టము కావలెనని సంతకము పెట్టు కొడుకు ఒక్క పూటయైనను ఆ జావగిన్నె తాను పట్టి చూచెనా యని మేము అడుగుచున్నాము.