పదార్థము - ప్రసాదము



గురువు, లింగము, జంగమము పూజ్యములు. విభూతి, రుద్రాక్ష, మంత్రములు పూజాసాధనములు. పాదోదక ప్రసాదములు పూజాఫలములు. అష్టావరణములను పెద్దలు ఈ విధముగ విభజించి చెప్పినారు. పొయ్యిమీదనుండి దించినది పదార్థము. ఇష్టలింగమునకు అర్పితమైనంతనే అది ప్రసాదము. ఈ సంగతి మన ఇండ్లలో పసిపిల్లలును ఎరుగుదురు. అయితే గరిట పట్టినవానికి దీని లోతు అంత సులభముగ అందదు. తన చేతిరుచిపై తనకు గల మోజు అడ్డు వచ్చును.

ఉద్దానపు పల్లెలో లింగధారుల ఇంట పుట్టిన ఒక యువకుని ఊహించుడు. అట్టివారు ఈ కాలమున అరుదు కాదు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ చెట్ల నీడలోనే అక్కడి బాల్యము గడచును. పలాస జీడి బట్టీలలో స్త్రీలు గింజను పగులగొట్టి, పొర తీసి, గుండు వేరు, బద్ద వేరు చేయుచుండగా ఆ కమ్మదనము వీధి చివరివరకు వచ్చును. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పచ్చికొబ్బరి పచ్చడి, లేత జీడిపప్పు కూర, ఇవి తల్లి చేతిమీదుగ అతడు నేర్చిన మొదటి పాఠములు. కార్తిక సోమవారమున టెక్కలి దగ్గర రావివలసకు పోయి, పైకప్పులేక ఎండకు వానకు నిలిచియుండు ఎండల మల్లికార్జునుని దర్శించి వచ్చినపిమ్మట ఇంటిలో జరుగు వంటయే అతనికి సంవత్సరములోకెల్ల గొప్ప పండుగ.

అతడు హోటల్ మేనేజ్‌మెంటు చదివినాడు. కత్తి పట్టుట, మంట ఎరుగుట, పళ్లెమును అలంకరించుట నేర్చినాడు. వంటను కూలిపనియని చిన్నచూపు చూచు బంధువులు లేకపోలేదు. బసవేశ్వరుని మార్గమున ఆ చిన్నచూపునకు తావు లేదు. చెప్పులు కుట్టినవాడును, బట్టలుతికినవాడును, పడవ నడిపినవాడును కల్యాణమున అనుభవ మంటపములో సమానులుగ కూర్చుండిరి. సత్యముగ చేసిన కాయకమేదైనను కైలాసమునకు తక్కువ కాదని వారి నమ్మిక. కావున వంటవాని పట్టా ఇంజనీరు పట్టాకు లోకువ కాదు.

చదువు ముగించి ఇంటికి చేరునప్పటికి తండ్రి మూత్రపిండముల జబ్బుతో చిక్కిపోయియున్నాడు. వారమునకు మూడుసార్లు పలాసకు పోయి డయాలసిస్ చేయించుకొనవలసిన స్థితి. ఉద్దానమున ఈ వ్యాధి ఎన్ని ఇండ్లను కూల్చినదో చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను ఒక్కరాత్రిలో నేలకూల్చినది. ఈ జబ్బు మనుష్యులను మెల్లమెల్లగ కూల్చుచున్నది. దీనికి కారణమిదియని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలమునుండి మంచినీరు గొట్టములద్వారా తెచ్చు పథకమును వచ్చినది.

కుమారుడు తన విద్యనంతయు ఆ కార్తిక సోమవారపు వంటలో చూపదలచినాడు. పనసపొట్టు, జీడిపప్పు, చింతపండు పులుసు, ఊరగాయ, త్రాగుటకు లేత కొబ్బరినీరు. ఒక్కటియు కొరత లేదు. వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీ గోడకు వ్రేలాడుచునేయున్నది. తండ్రి దానివంక చూడలేదు. కొడుకు ముఖము చిన్నబోవునని వడ్డించినదెల్ల తినినాడు. రెండవ జామునకు ఊపిరి అందక, కుటుంబమంతయు ఆసుపత్రి వరండాలో తెల్లవార్లు కూర్చుండవలసివచ్చినది. ప్రాణము దక్కినది.

ఆ వంటలో లోపమేమి? రుచిలో లేదు. ప్రేమలో లేదనియు చెప్పవచ్చును. కాని ఆ ప్రేమ తినువాని దిక్కు చూడక, వండినవాని దిక్కు చూచినది.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాదర చెన్నయ్య కథ చెప్పినాడు. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోయు చెన్నయ్య శివునకు రహస్యముగ అంబలి నివేదించెడివాడు. ఒకనాడు రాజు పెట్టిన పంచభక్ష్యములను శివుడు ముట్టలేదు. చెన్నయ్య అంబలితోనే కడుపు నిండినదనెను. అంబలిలో ఉన్నదేమి? పిండి, నీరు. అదే పురాణమున బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైనది. శివుడు గొంతు జబ్బు నటించి తినకున్నప్పుడు ఆమె తన వంట వ్యర్థమైనదని ఏడువలేదు, బిడ్డ తినలేకున్నాడని ఏడ్చినది. వంటవాడు నేర్వవలసిన భేదమంతయు అక్కడనే యున్నది.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చి దాసోహము జరుపుచుండెను. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ అది ఆశయని మందలించి, ఎక్కువైనది తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. బియ్యము ఎక్కువైనను దోషమైనప్పుడు ఉప్పు ఎక్కువైన దోషము కాదా?

ఆ యువకుడు గోడమీది చీటీని ఈసారి పాఠ్యపుస్తకమువలె చదివినాడు. ఉద్దానము గర్వముగ చెప్పుకొను వస్తువులలో పెక్కు దానిలో నిషిద్ధములే. కొబ్బరినీరు, పనస, అరటి, చింతపండులలో పొటాషియము అధికము; జీడిపప్పులో భాస్వరము అధికము. ఆ రోగి రక్తమున పొటాషియము మితిమీరినచో గుండె లయయే తప్పవచ్చును. కూరగాయలను చిన్న ముక్కలుగ తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసినచో పొటాషియము కొంత తగ్గును. సారము పోవునని నేర్చిన చేతికి ఆ నీరు పారబోయుట ఎంత కష్టమో వంట తెలిసినవారికే తెలియును. అంగడిలో ఉప్పునకు బదులుగ అమ్ము కొన్ని లవణములలో పొటాషియమే యుండును. వైద్యుని అడుగక అవి కొనరాదు. ఒకరికి కుదిరిన పథ్యము వేరొకరికి కుదరదు. రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పిన కొలతయే కొలత.

మిగిలిన రుచులను అతడు వెదకినాడు. మిరియము, జీలకఱ్ఱ, అల్లము, కరివేపాకు, నేతిలో ఆవాల పోపు, చివర రెండు చుక్కల నిమ్మరసము. ఇన్ని రోజులు ఉప్పు చాటున దాగియున్న వాసనలు ఒక్కొక్కటిగ బయటపడినవి. మన మఠములలో దాసోహమునకు పంక్తి వేయునప్పుడు ఇట్టి కూర ఒకటి వేరుగ వండించినచో, ఇంటి గడపలో కూర్చుండి పంక్తివంక చూచు రోగులు కొందరు లోనికి వత్తురు. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమారస్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడు దాసోహములు నడిపినారు. 2019లో వారు లింగైక్యము చెందినను అక్కడి పొయ్యి ఆరలేదు.

తరువాతి సోమవారము తండ్రి ఇష్టలింగమును అరచేత నుంచుకొని, పళ్లెములోని ఆనపకాయ కూరను అర్పించి, మొదటి ముద్ద నోట పెట్టుకొన్నాడు. కొంచెము ఆగినాడు.

"ఉప్పు మరిసిపోనావేటిరా?"

"మరవలేదు నాన్నా."

తండ్రి మారు పలుకలేదు. ముద్ద నములుచు చాలసేపు కండ్లు మూసుకొన్నాడు. పిమ్మట పళ్లెము కొంచెము ముందునకు జరిపి, "అదేదో మిరియం వాసనొస్తంది, ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు.